మార్కమ్ నుంచి క్లియరెన్స్

మాంట్రియల్‌లో కాలేజీ ఫీజుల దృష్టిలో మనుషులు మూడు రకాలు. ఆ ఊరున్న క్యుబెక్ ప్రావిన్సు వాళ్ళు, క్యుబెక్ కాని కెనడా వాళ్ళు, కెనడా కాని తక్కిన లోకం. ఫీజు ఎంతో వినగానే మొదటి రకానికి నవ్వొస్తుంది, రెండో రకానికి ఆలోచన వస్తుంది, మూడో రకానికి ఇండియాకి ఫోన్ చెయ్యాలనిపిస్తుంది. నాకు పీఆర్ కార్డు, అంటే శాశ్వత నివాసి కార్డు, ఉంది కాబట్టి మూడో రకం నుంచి తప్పించుకున్నాను. మొదటి రకంలోకి ఎక్కడానికి నాకు సీటిచ్చిన కాలేజీ అడిగింది ఒక్కటే: గత పన్నెండు నెలలుగా ఈ ప్రావిన్సులోనే, చదువుకోసం కాకుండా ఊరికే ఉన్నావని రుజువు చెయ్యి. ఊరికే ఉండటంలో నాకు మంచి అనుభవం ఉంది. చిక్కంతా రుజువు దగ్గరే వచ్చింది.

అది మన పిల్లలు కెనడా మీదికి దండెత్తినట్టు వస్తున్న కాలం. రిజిస్ట్రార్ ఆఫీసు ముందు మొదలైన క్యూ వరండా దాటి, మెట్లు దిగి, కూల్‌డ్రింకుల మెషీన్ దగ్గర వంపు తిరిగేది. నా ముందు ఖమ్మం, నా వెనక కాకినాడ, ఆ వెనక ఎవరో కడప. అందరికీ ఇరవై, ఇరవై రెండు. నాకు నలభై ఒకటి. ఒకమ్మాయి నన్ను చూసి జాలిపడి, పేరెంట్స్‌కి వేరే కౌంటర్ ఉందేమో కనుక్కోండి అంకుల్ అంది. కనుక్కుంటానమ్మా అని చెప్పి అక్కడే నిలబడ్డాను.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై ఏళ్ళు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని. ఇంజను జోలికి పోకుండా, విమానం ఒంటికి, అంటే రెక్కలకీ తోకకీ చక్రాలకీ వచ్చే రోగాలు కుదర్చడం నా పని. సార్జెంటుగా రిటైరయ్యాక మా ఆవిడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పుణ్యమా అని ఆవిడ డిపెండెంటుగా ఈ దేశం వచ్చాను. ఇక్కడ విమానం మీద చెయ్యి వెయ్యాలంటే ఇక్కడి చదువు, ఇక్కడి కాగితం ఉండాలట. అవి లేక పార్సిల్ డిపోలో అట్టపెట్టెల మీద చెయ్యి వేస్తూ వచ్చాను. ఆ డిపో ఎయిర్‌పోర్టు పక్కనే. నెత్తిమీదుగా విమానం పోతే దాని చక్రాలు కడుపులోకి ముడుచుకునేదాకా నేను దాన్ని చూసేవాణ్ణి. అంతసేపూ సూపర్‌వైజరు నన్ను చూసేవాడు.

ఆ కాలేజీలో విమానాల మరమ్మతు కోర్సు ఉంది. పరీక్ష రాశాను, ఇంటర్వ్యూకి వెళ్ళాను, సీటొచ్చింది. రెండో రకం ఫీజు మా వల్ల కాదని నేనూ మా ఆవిడా ముందే అనుకున్నాం. మొదటి రకమైతే చదువు, లేకపోతే అట్టపెట్టెలు. రుజువుకి నాకిచ్చిన గడువు పన్నెండు రోజులు. ఆలోగా తేల్చుకోకపోతే సీటు వెనకున్నవాడికి పోతుంది, వెనకున్నవాళ్ళు కూల్‌డ్రింకుల మెషీన్ దాకా ఉన్నారు. వచ్చే ఏడాది చూద్దాంలే అనడానికి ఇరవై ఏళ్ళవాడికి నోరు వస్తుంది గానీ, నాకు రాలేదు.

కౌంటర్ వెనక ఒక పెద్దావిడ. కళ్ళజోడు మెడలో గొలుసుకి వేలాడుతుంటుంది. ఫ్రెంచి యాస కలిసిన ఇంగ్లీషు. కుదరదు అనే మాటని కూడా పెళ్ళికి పిలిచినంత మర్యాదగా చెప్పేది.

నా ఫైలులో అన్నిటికన్నా పైన డిశ్చార్జి బుక్కు పెట్టుకున్నాను. దాని కింద ఎక్స్-సర్వీస్‌మన్ కార్డు. మన దేశంలో ఆ కార్డు చూపిస్తే క్యాంటీన్ తలుపు తెరుచుకుంటుంది. పిల్లలకి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో సైనికుల కోటా తెరుచుకుంటుంది. ఇక్కడేదో ఒక కిటికీ అయినా తెరుచుకోకపోతుందా అని నా ఆశ. దానికి తోడు ఆ కాలేజీ నిబంధనల పుస్తకంలో ఒక పేరా దొరికింది. సైన్యంలో పనిచేసేవాడు పోస్టింగ్ మీద ఏ మూలకి వెళ్ళినా తన సొంత ప్రావిన్సువాడిగానే లెక్క అని అందులో ఉంది. ఆ పేజీకి గుర్తు పెట్టుకున్నాను. ఇరవై ఏళ్ళ తర్వాత ఒక ప్రభుత్వం నన్ను అర్థం చేసుకుందనుకున్నాను.

ఆ పేరా మీద వేలు పెట్టి ఆవిడకి చూపించాను. అది మా సైన్యానికండీ అంది. మా దేశమూ కామన్‌వెల్త్‌లోదే అన్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని డిశ్చార్జి బుక్కు శ్రద్ధగా తిరగేసింది. మీ సేవకు ధన్యవాదాలు అని, రెండు చేతులా నాకే తిరిగిచ్చింది. కామన్‌వెల్త్‌లో కామన్ మా వాటాకీ, వెల్త్ వాళ్ళ వాటాకీ పంపకాలు ఎప్పుడో అయిపోయాయని నాకప్పుడు తెలిసింది.

సరే, మాజీ సైనికుడి సంగతి వదిలేసి తాజా నివాసి సంగతి చూద్దామంది. డ్రైవింగ్ లైసెన్సు అడిగింది, ఇచ్చాను. అడ్రస్ మార్కమ్, ఆంటారియో, అంటే పక్క ప్రావిన్సు. బ్యాంకు కాగితం అడిగింది. మార్కమ్. హెల్త్ కార్డు, ట్యాక్సు కాగితం కూడా మార్కమే. డిపోవాళ్ళ జీతం స్లిప్పు మాంట్రియల్‌దే కదా అని ధైర్యంగా ఇచ్చాను. దాని నెత్తిన కూడా మార్కమ్ అనే ఉంది.

"మీరు రోజూ ఐదొందల కిలోమీటర్లు వచ్చి ఇక్కడ పెట్టెలు మోస్తున్నారా?" అంది ఆవిడ.

లేదండీ, పద్నాలుగు నెలలుగా మాంట్రియల్‌లోనే ఉంటున్నానన్నాను. మరి కాగితాలేంటి ఇలా ఉన్నాయంది. అక్కడ మా బంధువుల ఇల్లుందని మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపి, సొరుగులోంచి ఇంకో నాలుగు ఫైళ్ళు తీసి బల్లమీద పరిచింది. నాలుగింటి మీదా అదే వీధి, అదే ఇంటి నంబరు. ఆ ఇల్లు హాస్టలా అని నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

హాస్టల్ కాదు. అది మా ఆవిడ పిన్నిగారి ఇల్లు. పిన్నిగారి భర్తని నేను చిన్న మామయ్యగారు అంటాను. కెనడాలో దిగిన తెలుగువాడికి కోటు కన్నా ముందు కావలసింది అడ్రస్. బ్యాంకువాడూ ఫోన్‌వాడూ లైసెన్సువాడూ అందరూ దాన్నే అడుగుతారు. మనమేమో ఈ నెల ఒక బేస్‌మెంట్‌లో, పై నెల ఇంకో బేస్‌మెంట్‌లో ఉంటాం. అందుకని కదలకుండా ఒకచోట ఉన్న పెద్దమనిషి అడ్రస్ రాసేస్తాం. మామయ్యగారు ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లోంచి కదల్లేదు. ఎవరొచ్చినా మంచినీళ్ళిచ్చి, ఆ చేత్తోనే "నా అడ్రస్ వేసుకోండి" అనేవారు. మూడు పడగ్గదుల ఇంట్లో కాగితాల ప్రకారం పదకొండుగురం కాపురం ఉన్నాం. వచ్చిన ఉత్తరాలన్నీ డైనింగ్ టేబుల్ మీద వరసగా పేర్చి, ఫొటోలు తీసి, ఎవరివి వాళ్ళకి వాట్సాప్‌లో పంపేవారు. పోస్టాఫీసుకైనా ఆదివారం సెలవుంది, ఆయనకి లేదు.

మా ఆవిడ మాత్రం మాంట్రియల్‌కి మారిన నెలలోనే తన కాగితాలన్నీ మార్చేసుకుంది. ఇంటి అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, ఇంటర్నెట్టు అన్నీ ఆవిడ పేరు మీదే. మీవి కూడా మార్చుకోండని ఎన్నోసార్లు చెప్పింది. నేను వినలేదు. దానికి కారణం బద్ధకం అని ఆవిడ అంటుంది, సర్వీసు అని నేనంటాను. ఎయిర్‌ఫోర్స్‌లో ప్రతి ఫారంలోనూ రెండు గళ్ళుంటాయి. ఒకటి హోమ్ అడ్రస్, ఒకటి యూనిట్ అడ్రస్. జోధ్‌పూర్ అయినా, తేజ్‌పూర్ అయినా, బీదర్ అయినా యూనిట్ గడి మారుతుంది, హోమ్ గడి మారదు. నా హోమ్ గడిలో ఇరవై ఏళ్ళూ ఆదోనిలో మా మేనమామ ఇల్లే ఉంది, ఆయన ఆ ఇల్లు అమ్మేసిన తర్వాత కూడా. ఆ అలవాటుకొద్దీ నా మనసులో మార్కమ్ హోమ్, మాంట్రియల్ పోస్టింగ్. ఈ దేశపు ఫారాల్లో ఒకటే గడి ఉండటం నేను గమనించాను గానీ పట్టించుకోలేదు.

ఇదంతా కౌంటర్ దగ్గర చెప్పలేం కదా. వెనక కాకినాడ చెమటలు కక్కుతోంది. ఆవిడే మార్గం చెప్పింది. కాగితాలన్నీ ముందు సరిగ్గా మార్చుకోమంది. కానీ ఇవాళ మార్చిన కాగితం ఇవాళ్టి సంగతే చెబుతుంది, నిరుటి సంగతి చెప్పదు. దానికి రెండు ఉత్తరాలు కావాలంది. ఇక్కడి ఇంటి ఓనరు, ఫలానా నెల నుంచి ఇతను నా ఇంట్లో ఉంటున్నాడని రాయాలి. అక్కడి ఇంటి ఓనరు, అదే నెల నుంచి ఇతను నా ఇంట్లో ఉండటం లేదని రాయాలి.

ఇక్కడి ఓనరు పైఅంతస్తులో ఉండే ముసలాయన. పేరు స్పెల్లింగ్ అడిగి రెండు నిమిషాల్లో రాసిచ్చాడు. లైసెన్సు, హెల్త్ కార్డు, ట్యాక్సు అన్నీ ఆ వారంలో ఉన్నది ఉన్నట్టు దిద్దుకున్నాను. ఒక్కో ఆఫీసులో ఒక్కోసారి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో కూడా అన్నిసార్లు ఒప్పుకోలేదు. ఇక మిగిలింది మామయ్యగారి ఉత్తరం. అది అన్నిటికన్నా తేలికనుకున్నాను. పదకొండుమంది కోసం కలం పట్టినవారు, ఒక్క లైను రాయడానికి ఎంతసేపు?

ఫోన్ చేసి విషయం చెప్పాను.  

"విన్నానండీ. అంటే అల్లుడు మా ఇంట్లో లేడని నేను గవర్నమెంటుకి రాసివ్వాలంటారు."

"లేను కదా మామయ్యగారూ."

"మీరు లేకపోవడం వేరు. నేను లేడని రాయడం వేరు. ఫలానావాళ్ళు నా ఇంట్లో ఉంటున్నారని ఈ చేత్తో ఎంతమందికి రాసిచ్చానో మీ అత్తయ్యనడగండి. లేరని ఒక్కరికీ రాయలేదు. అది కూడా కూతురి మొగుడికి మొదలుపెట్టమంటారా?"

వెనకనుంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది. పోనీ రాయండి, ఆయన చదువు సంగతి కదా అంటున్నారు. నువ్వూరుకో, పేపరు మీద పెట్టిన మాట రేపు నన్నే చూసి నవ్వుతుంది అని ఆయన ఫోన్ పెట్టేశారు.

ఆయన బాధ నాకు అర్థంకాకపోలేదు. మాంట్రియల్‌కి మారేటప్పుడు మేము రెండు సూట్‌కేసులు కారులో పడేసుకుని, నెలా రెండు నెలల్లో వచ్చి చూస్తామని చెప్పి వచ్చేశాం. వెళ్ళిపోతున్నామని మేమనలేదు, వెళ్ళిపొమ్మని ఆయనా అనలేదు. మేడమీద మేమున్న గది అలాగే ఉంచారు. ఇప్పుడు నేను అడుగుతున్నది ఒక ఉత్తరం అనుకుంటున్నాను. ఆయనకి అది గది ఖాళీ చేయించే నోటీసులా వినిపించింది.

మా ఆవిడ రంగంలోకి దిగింది. బాబాయ్ అంటూ అరగంట మాట్లాడింది. ఆయన అన్నింటికీ సరేనమ్మా అన్నారు. మర్నాడు వాట్సాప్‌లో ఉత్తరం వచ్చింది. మంచి కాగితం, మంచి ఇంగ్లీషు, కింద పెద్ద సంతకం. సారాంశం ఏమిటంటే: ఇతను నా అల్లుడు, నా కుటుంబంలో శాశ్వత సభ్యుడు, ఈ ఇంటి తలుపులు ఇతనికి రాత్రీపగలూ తెరిచి ఉంటాయి, ఈ ఇంట్లో ఇతని స్థానాన్ని ఏ దూరమూ తగ్గించలేదు. అది పట్టుకెళ్తే ఆంటారియో ప్రభుత్వం నాకు ఓటు హక్కు కూడా ఇచ్చేలా ఉంది.

మా ఆవిడ చదివి నవ్వాపుకోలేకపోయింది. "ఇరవై ఏళ్ళు దేశమంతా తిరిగారు, ఏ ఊరూ మిమ్మల్ని మావాడంటే ఒట్టు. ఇప్పుడు ఒక ఊరు మావాడంటోంది, వద్దని బతిమాలుకుంటున్నారు."

నాకు నవ్వు రాలేదు. ఐదు రోజులే ఉంది. నివాసం తేలకపోతే ప్రవాసం, ఫీజు కట్టి ప్రవాసం చేస్తే ఉపవాసం. ఈ మూడు వాసాల మధ్య మామయ్యగారితో సహవాసం చెడగొట్టుకోవడం అదనం. ఆ ఉత్తరం అలాగే ఇచ్చేసి దేవుడి మీద భారం వెయ్యాలని ఒకసారి, సీటు వదిలేద్దామని ఒకసారి అనుకున్నాను. సీటు వదిలేస్తానని పైకి అన్నాను కూడా. మా ఆవిడ నవ్వడం ఆపేసింది. మీరు డిపో నుంచి వచ్చాక ఏం మాట్లాడతారో మీకు తెలుసా, అని అడిగింది. ఏం మాట్లాడతానన్నాను. ఏ విమానం ఎన్ని గంటలకు పోయిందో చెబుతారు, ఇంకేమీ మాట్లాడరు, అంది.

మర్నాడు డిపోలో పని ముగించుకుని, స్కానరు అప్పగించి, లాకరు తాళం అప్పగించి, షిఫ్టు పుస్తకంలో సంతకం పెడుతుంటే తట్టింది. నేను మార్కమ్ వదిలినప్పుడు క్లియరెన్స్ తీసుకోలేదు.

ఎయిర్‌ఫోర్స్‌లో ఒక స్టేషన్ వదిలి ఇంకో స్టేషన్‌కి వెళ్ళేవాడు ఊరికే రైలెక్కెయ్యడానికి వీల్లేదు. పోస్టింగ్ ఆర్డరు రాగానే ఒక కాగితం పట్టుకుని సెక్షన్ సెక్షన్‌కీ తిరగాలి. మెస్సు, లైబ్రరీ, పరుపులూ దుప్పట్ల స్టోరు, పనిముట్ల గది. ఇతని దగ్గర మాకు రావలసిందేమీ లేదని ఒక్కొక్కరూ సంతకం పెట్టాలి. అన్ని సంతకాలూ పడ్డాకే మనిషి అక్కణ్ణుంచి కదిలినట్టు. ఆ కాగితంలో ఇతను మావాడు కాదని ఎవరూ రాయరు. పోస్టెడ్ అవుట్ అని రాస్తారు. ఆ సాయంత్రం సెక్షన్‌లో టీ, సమోసాలు, రెండు ముక్కలు మంచిమాటలు. వాడు ఎంత పనికిమాలినవాడైనా సరే, ఆ రోజు మాత్రం వాడు లేకపోతే ఎయిర్‌ఫోర్స్ ఏమైపోతుందోనన్నట్టు మాట్లాడతారు.

ఆ లెక్కన నేను ఇంకా మార్కమ్ స్టేషన్ మనిషినే. మామయ్యగారి వాదనే రూలు ప్రకారం కరెక్టు.

ఆయనకి ఫోన్ చేశాను. నేను లేనని మీరు రాయక్కర్లేదు మామయ్యగారూ, పోస్టింగ్ మీద వెళ్ళానని రాయండి చాలు అన్నాను. క్లియరెన్స్ సంగతంతా వివరించాను. ఆయన ముప్ఫై ఏళ్ళుగా ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తున్న మనిషి. ఫారాలూ సంతకాలూ అంటే ప్రాణం లేచివస్తుంది. ఎన్ని సెక్షన్లుండాలి, సంతకం ఏ సిరాతో పెట్టాలి అని అడగడం మొదలుపెట్టారు.

"పోస్టింగ్ ఆర్డరు ఎవరిచ్చారని రాయాలి?" అన్నారు.

"మీ అమ్మాయి ఇచ్చింది."

"అమ్మాయి ఇచ్చిందంటే వెళ్ళాల్సిందేలెండి." ఆ వారంలో ఆయన నవ్వడం అదే మొదటిసారి. వెంటనే గొంతు సర్దుకున్నారు. "కానీ వాట్సాప్‌లో అవదు. మీరిద్దరూ శనివారం వచ్చి, ఎదురుగా నిలబడి తీసుకోండి. టీ, సమోసాలు మేం చూసుకుంటాం."

శనివారం పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి మార్కమ్ చేరాం. మామయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నారు. ఉత్తరాలన్నీ ఒక పక్కకి నెట్టేసి, మధ్యలో కాగితం పెట్టుకున్నారు. కంప్యూటర్‌లో గీతలు గీసి ప్రింటు తీసిన కాగితం. మెస్సు, బెడ్డింగ్, లైబ్రరీ, తాళాలు. నాకన్నా బాగా తయారుచేశారు.

మొదట మెస్సు. మెస్సుకి ఇన్‌ఛార్జి అత్తయ్యగారు. పెన్ను తీసుకుని, పెట్టబోయి, ఆగారు. "రెండు స్టీలు డబ్బాలు రావాలి. ఆవకాయ పట్టుకెళ్ళినవి. పద్నాలుగు నెలలైంది."

ఆ డబ్బాలు కారులోనే ఉన్నాయి. ఖాళీగా ఇవ్వకూడదని మా ఆవిడ ముందురోజు కూర్చుని సున్నుండలు చేసి నింపింది. అత్తయ్యగారు మూత తీసి, ఒకటి కొరికి, నెయ్యి తక్కువైందమ్మా అని అప్పుడు సంతకం పెట్టారు. బెడ్డింగ్ కింద ఒక రగ్గు తేలింది. మాంట్రియల్ చలికి అది మా మంచం మీదే ఉంది. మామయ్యగారు కాసేపు ఆలోచించి, రగ్గు పోస్టింగ్ మీద వెంట వెళ్ళినట్టు రాశారు. లైబ్రరీ కింద ఆంటారియో డ్రైవింగ్ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉందని ఒప్పుకున్నాను. దాన్ని మీరు చదివినట్టు ఎప్పుడూ అనిపించలేదులెండి, రద్దు చేస్తున్నానన్నారు.

చివరిది తాళాలు. ఆ ఇంటి తాళంచెవి నా కీచైన్‌కి ఉంది. పద్నాలుగు నెలలుగా దాన్ని వాడలేదు, తియ్యనూ లేదు. గోరుతో రింగు విప్పి బల్లమీద పెట్టాను.

మామయ్యగారు దాన్ని ముట్టుకోలేదు. "అది ఉండనివ్వండి" అన్నారు.

"తాళం జమ కాకపోతే క్లియరెన్స్ రాదు మామయ్యగారూ."

"రూలా?"

"రూలే."

ఆయన తాళంచెవి తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నారు. ఆ గడిలో సంతకం పెట్టడానికి, మిగిలిన మూడు గళ్ళకీ కలిపి పట్టినంతసేపు పట్టింది. అత్తయ్యగారు వంటింట్లోకి వెళ్ళి, సమోసాలు మాడుతున్నాయేమోనని అక్కణ్ణుంచే అన్నారు. అవి అప్పటికే టేబుల్ మీద ఉన్నాయి.

తర్వాత ఉత్తరం రాశారు. దాన్ని లేచి నిలబడి చదివి వినిపించారు. ఇంగ్లీషులో ఉన్న ఆ ఉత్తరం తెలుగులో దాదాపు ఇలా ఉంటుంది: రిటైర్డ్ సార్జెంటు అయిన మా అల్లుడు ఈ ఇంట్లో సుఖంగా నివసించి, పద్నాలుగు నెలల కిందట తగిన అధికారి ఉత్తర్వుల మేరకు మాంట్రియల్‌కి పోస్టింగ్ మీద వెళ్ళారు. ఆనాటి నుంచి ఈ ఇంట్లో నివసించడం లేదు. ఆయన నుంచి మాకు రావలసిందేమీ లేదు. ప్రవర్తన అత్యుత్తమం. గ్యారేజీ లైటు ఆర్పకపోవడం ఒక్కటే లోపం. కాగితం వెనకవైపు ఇంకో వాక్యం కూడా రాశారు. అది మాత్రం ఆయన చదివి వినిపించలేదు. చదవమని నేనూ అడగలేదు.

సోమవారం పొద్దున్న కౌంటర్ దగ్గర ఆవిడ ఆ ఉత్తరాన్ని ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా చదివింది. క్లియరెన్స్ కాగితం కూడా చదివింది. డబ్బాల గడి దగ్గర ఆగి, ఇదేమిటంది. ఊరగాయ డబ్బాలని చెప్పాను. తగిన అధికారి ఎవరంది. మా ఆవిడ అన్నాను. ఆవిడ తన కాగితాలు ఎప్పుడు మార్చుకుందంది. వచ్చిన నెలలోనే అన్నాను. అయితే మీ బదులు ఆవిడ చదువుకుంటే మా ఆఫీసుకి పని తగ్గేదంది.

సొరుగులో ఉన్న ఆ నాలుగు ఫైళ్ళవాళ్ళు కూడా ఇలాంటి కాగితాలు తెస్తారా అని అడిగింది. సమోసాలకి టైము పడుతుందన్నాను. ఆవిడకి అర్థంకాలేదు, నేనూ అర్థంచేయించలేదు.

ఆ తర్వాత ఉత్తరం వెనక్కి తిప్పింది. ఆ వాక్యం మీద వేలు పెట్టి నాకు చూపించింది. ఆయన ఎప్పుడు తిరిగి రావాలనుకున్నా గది సిద్ధంగా ఉంది, అని ఉంది.

కళ్ళజోడు తీసి గొలుసుకి వదిలేసింది. "చూడండి, నాకు కాగితాలు సరిపోయాయి. కానీ దీన్ని చదివాక అడగకుండా ఉండలేను. మీకు అక్కడ ఒక ఇల్లుంది, ఇక్కడ ఒక ఇల్లుంది. మీ ఇల్లు ఏది?"

ఇరవై ఏళ్ళలో ఎన్నో ఫారాలు నింపాను గానీ ఈ ప్రశ్న నన్ను నోటితో ఎవరూ అడగలేదు. ఏది చెప్పినా ఒకళ్ళకి అన్యాయం చేసినట్టే అనిపించింది. మార్కమ్ అంటే సీటు పోతుంది. మాంట్రియల్ అంటే మామయ్యగారి ముఖం గుర్తొస్తోంది. సీటు కోసం చెబుతున్నానా, నిజమే చెబుతున్నానా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. కింద పార్కింగులో మీటరు అయిపోతుండటం, సాయంత్రం వెళ్తూ పాలు తీసుకెళ్ళాల్సి ఉండటం గుర్తొచ్చాయి. పాలు ఏ ఇంటికి తీసుకెళ్తామో అదే ఇల్లు అనిపించింది.

"ఇక్కడేనండీ. మాంట్రియల్" అన్నాను.

ఆవిడ తల పంకించి ఏదో గడిలో టిక్కు పెట్టింది. క్లాసులు మంగళవారం నుంచి, పొద్దున్న ఏడున్నరకి విమానాలుండే హ్యాంగర్ దగ్గరకి రావాలి, ఇనుప ముక్కు బూట్లు తెచ్చుకోవాలి అని చెప్పి, వెనక ఉన్న అమ్మాయిని పిలిచింది.

మెట్లు దిగుతూనే మామయ్యగారికి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తారు. అయిందన్నాను. లోకల్ ఫీజేనా అన్నారు. లోకల్ ఫీజే అన్నాను. సంతోషమండీ, విమానాల దగ్గర జాగ్రత్త అన్నారు. ఉత్తరం వెనక రాసిన లైను ఆవిడ చదివిందా అని అడిగారు. చదివిందన్నాను. ఏమంది అన్నారు. నా ఇల్లు ఏదని అడిగింది అన్నాను.

"మీరేం చెప్పారు?"

అబద్ధం చెప్పడానికి ఒక్క సెకను టైముంది. "ఇక్కడేనని చెప్పానండీ."

"అలాగే చెప్పాలి" అన్నారు. ఆ వెంటనే, అక్టోబరులో మీ అత్తయ్య పుట్టినరోజుకి చుట్టాలని పిలుస్తున్నాం అన్నారు. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఏ పండగకైనా నేను కుర్చీలు మోసేవాణ్ణి, ఎవరూ నన్ను పిలవలేదు. ఇంట్లోవాణ్ణి కనక పిలవాల్సిన అవసరమే ఉండేది కాదు.

"మీరూ అమ్మాయీ తప్పకుండా రావాలి" అన్నారు ఆయన, చుట్టాలని పిలిచే గొంతుతో.

కాలేజీలో లీవు దొరికితే వస్తానన్నాను. దొరికేలా చూసుకోండి అన్నారు.